మంచును చీల్చు ఓడకు అంత ధనమా?

దక్షిణ ధ్రువఖండమున అమెరికా వారి మెక్‌మర్డో పరిశోధన కేంద్రమునకు ఇంధనము ఓడలపైననే చేరవలెను. ఆ ఓడలకు ముందు నడచి, గడ్డకట్టిన సముద్రమున త్రోవ తీయునది ‘పోలార్ స్టార్’. ఇట్టి ఓడ మంచును కోయదు. దానిపైకెక్కి తన బరువుతో విరుచును. అందులకు దళసరి ఉక్కు, మిక్కిలి శక్తిగల యంత్రములు వలయును గనుక వ్యయము అధికము.

ముప్పదియేండ్ల ఆయువునకై కట్టబడి 1976లో కొలువున చేరిన ఆ ఓడ ముదుసలి యయ్యెను. 2019లో 74 కోట్ల డాలర్లకు పైబడిన ధరకు క్రొత్తది కుదుర్చుకొనిరి. 2024లో రావలసినది, రాలేదు. వ్యయము మాత్రము పెరిగినది. ఆ ధనముతో ఎన్ని బడులు కట్టవచ్చునో యని నాబోటి ఉపాధ్యాయునకు తోచుట సహజమే. ఐనను ఓడ దండుగ కాదు, ఆలస్యమే దండుగ.

అద్దెకు తెచ్చుకొనరాదా యందురేమో. తెచ్చుకొనిరి. స్వీడన్ వారి ‘ఓడెన్’ కొన్ని యేండ్లు ఆ పని చేసినది. 2011లో తమ జలములకే అది కావలెనని వారు నిరాకరింపగా, అమెరికా వారు రష్యా ఓడను వెదకికొనవలసి వచ్చెను.