ఊరొదిలిన జన్యువు

రాండ్రా, ఈ అరుగు మీద సర్దుకొని కూర్చోండి. ఇంతసేపూ వీధంతా ఎగిరినారు గదా, ఆ సత్తువ ఎక్కడిది? పొద్దున తిన్న సంకటిముద్దది అంటారు. నిజమే. కానీ ముద్ద నేరుగా కాళ్లను కదిలించలేదు. అందులోని శక్తిని ఒళ్లు ముందు ఏటీపీ అనే పదార్థంలోకి ఎక్కించుకోవాల. ఆ ఏటీపీని 1929లో అమెరికాలో ఫిస్కేతో కలిసి కనిపెట్టినాయన మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా కనిపెట్టినాడనుకోండి. అయినా సుబ్బారావు పేరు తలవకుండా ఈ కత మొదలుపెట్టడానికి నాకు మనసొప్పదు.

ఏటీపీ ఎక్కువగా తయారయ్యేది మన కణాల్లోని మైటోకాండ్రియాల్లో. ఇవి ఒకప్పుడు విడిగా బతికిన బాక్టీరియాలు. 100 కోట్ల ఏండ్లకు పైమాటే, ఇంకో కణంలోకి చేరి అక్కడే ఉండిపోయినాయి. అప్పుడు వెంట తెచ్చుకున్న డీఎన్ఏ ఇంకా కాస్త మిగిలుంది. మనుషుల్లో 16,569 అక్షరాలు, 37 జన్యువులు. మనకది అమ్మ నుంచే వస్తుంది. దాంట్లో రాసున్న ప్రొటీన్లు 13 మాత్రమే. ఆ పదమూడు లేకుంటే ఏటీపీ తయారీ సాగదు. వాటిని చేసుకోను మైటోకాండ్రియాకు సొంత రైబోజోము ఉంది. విచిత్రం చూడండి, ఆ రైబోజోములో దాదాపు 80 ప్రొటీన్లుంటే ఒక్కదాని జన్యువు కూడా అక్కడ లేదు!

ఎక్కడికి పోయినాయి మరి? మన తనకల్లు సంగతి మీకు తెలిసిందే గదా. వాన మొగం చాటేసి చెనిక్కాయ పైరు ఎండిందంటే కుర్రోళ్లు బస్సెక్కి బెంగళూరు పోతారు. పోయినా ఇల్లు మరవరు, సంపాదించింది ఇంటికే పంపుతారు. ఎంఆర్‌పీఎస్12 అనే జన్యువు, అంటే ఆ రైబోజోములోని ఎస్12 అనే ప్రొటీను జన్యువు, చేసిందీ అదే. ఎప్పుడో కణకేంద్రకానికి వలసపోయి, మనలో 19వ క్రోమోజోములో కాపురం పెట్టింది. అందుకే ఇది అమ్మ నుంచి ఒకటి, నాయన నుంచి ఒకటి వస్తుంది. దీని ప్రొటీను కణద్రవంలో తయారై, మొదట్లో అడ్రసు ముక్క తగిలించుకొని మైటోకాండ్రియాకు చేరుతుంది. లోపలికి పోయినాక ఆ ముక్కను కోసేస్తారు. ఇంక దాంతో పనేముంది!

అందరూ వలస పోలేదు సుమా. చాలా పూలమొక్కల్లో ఈ ఎస్12 జన్యువు ఇప్పటికీ మైటోకాండ్రియాలోనే ఉంది. నాకు భలే నచ్చే సంగతి ఇది. కోట్ల ఏండ్లు గడిచినా ఒకరింట్లో వలస, ఇంకొకరింట్లో పాత గూడే.

ఇంతకీ ఎస్12 చేసే పనేంది? జన్యువు చెప్పిన మాటకు సరైన అమైనో ఆమ్లమే వచ్చిందా అని రైబోజోము సరిచూసుకునే చోటుంది గదా, అక్కడే ఉండి తోడ్పడుతుంది. ఇది తప్పితే ఏమవుతుందో ఈగలు చూపించినాయి. పండ్ల మీద ముసిరే ఈగల్లో ఒక రకం ఉంది, అవి ఉన్న సీసాను గట్టిగా తడితే చాలు, వెల్లకిలా పడిపోయి కాసేపు లేవలేవు. బాక్సింగులో మాదిరి ‘టెక్నికల్ నాకౌట్’ అని పేరు పెట్టినారు. ఆ ఈగల్లో చెడింది ఈ ప్రొటీను జన్యువేనని 1987లో తేలింది. మన మైటోకాండ్రియా రైబోజోము మొత్తం రూపాన్ని 2015లో చూపించిన బృందంలో చిదంబరంలో పుట్టిన వెంకీ రామకృష్ణన్ ఉన్నాడు.

టీబీకి ఒకప్పుడు ఎక్కువగా వేసిన స్ట్రెప్టోమైసిన్ సూది తెలుసు గదా. అది బాక్టీరియా రైబోజోములో ఎస్12 పక్కనే పట్టుకుంటుంది. కొన్ని టీబీ క్రిములు తమ ఎస్12ను కాస్త మార్చుకొని మందును తప్పించుకుంటాయి కూడా. మన మైటోకాండ్రియా రైబోజోము ఆ పాత చుట్టాలకంటే వేరే అయిపోయింది కాబట్టి మనం మామూలుగా తట్టుకుంటాం. అయితే కొన్ని ఇండ్లలో అమ్మవైపు నుంచి ఒక చిన్న తేడా వస్తుంది. మైటోకాండ్రియా డీఎన్ఏలో 1555వ అక్షరం మారి, రైబోజోము మళ్లీ బాక్టీరియాదాన్ని పోలుతుంది. అలాంటోళ్లకు ఈ జాతి సూది వేస్తే చెవులు పోవచ్చు. అందుకే అమ్మమ్మకో మేనమామకో సూదులు వేసుకున్నాక చెవుడొచ్చిందని ఇంట్లో ఎవరన్నా అంటే, డాక్టరు మందు రాసే ముందే ఆ మాట చెప్పమనండి.