నంబరు ప్లేటు కత్తిరింపు

నంబరు ప్లేటు కత్తిరింపు అనగా మోటారు వాహనపు రిజిస్ట్రేషను నంబరును తెలిపే ప్లేటును అంచులు కోసి గాని, వంచి గాని, కొంత భాగం తొలగించి గాని చిన్నదిగా చేయడం. నంబరు మొత్తం కనబడుతూ ఉంటే అంచు కోయడంలో తప్పు లేదని చాలామంది భావిస్తారు. కాని భారతదేశంలో హై సెక్యూరిటీ నంబరు ప్లేటును ఏ మేరకు కత్తిరించినా అది నిబంధనలకు విరుద్ధమే. ప్లేటు పొడవు, ఎత్తు, మందం, అంచు, అక్షరాల కొలతలు అన్నీ కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989 లోని 50, 51 నియమాలలో నిర్దేశించబడి ఉన్నాయి. ఈ వ్యాసంలో ఆ నిబంధనలు, వాటి వెనుక ఉన్న కారణాలు, విశాఖపట్నంలోని ఫిషింగ్ హార్బరు వంటి రద్దీ ప్రదేశాలలో వాటి అవసరం వివరించబడ్డాయి.

చరిత్ర

వాహనాలకు గుర్తింపు పలకలు ఉండాలనే నియమం మొదట ఫ్రాన్సులో వచ్చింది. 1893లో పారిస్ పోలీసులు ఇందుకు ఉత్తర్వు జారీ చేశారు. బ్రిటనులో 1903 నాటి మోటారు కారు చట్టం ద్వారా 1904 జనవరి 1 నుండి రిజిస్ట్రేషను నంబరు తప్పనిసరి అయింది. భారతదేశంలో 1914, 1939 చట్టాల తరువాత ప్రస్తుతం అమలులో ఉన్న మోటారు వాహనాల చట్టం 1988లో ఆమోదం పొంది, 1989 జూలై 1 నుండి అమలులోకి వచ్చింది.

పాత పద్ధతిలో పెయింటరు వ్రాసే ప్లేట్లలో ప్రధానంగా అక్షరాల, అంకెల కొలతలే చూసేవారు. చుట్టూ మిగిలిన ఖాళీ రేకును కోసినా పట్టించుకునేవారు తక్కువ. "అంచు కోస్తే ఏమీ కాదు" అనే నమ్మకానికి ఆ అలవాటే మూలం. 2001లో నియమావళిని సవరించి హై సెక్యూరిటీ ప్లేట్లను ప్రవేశపెట్టారు. 2019 ఏప్రిల్ 1 నుండి తయారైన వాహనాలకు ఈ ప్లేట్లను తయారీదారులే డీలర్ల ద్వారా అందజేయాలి.

నంబరులోని భాగాలు

రిజిస్ట్రేషను నంబరులో సాధారణంగా నాలుగు భాగాలు ఉంటాయి: రాష్ట్రాన్ని తెలిపే రెండు అక్షరాలు, రెండంకెల సంకేతం, శ్రేణిని తెలిపే అక్షరాలు, చివర నాలుగంకెల సంఖ్య. విశాఖపట్నం జిల్లాకు చాలా కాలం ఏపీ 31 సంకేతంగా ఉండేది. అందువలన నంబరు సగమే గుర్తున్నా వాహనం ఏ జిల్లాదో తెలిసేది. 2019లో ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రమంతటికీ ఒకటిగా ఏపీ 39 శ్రేణి ప్రవేశపెట్టబడింది. ఆ తరువాత నమోదైన వాహనాలను సంకేతాన్ని బట్టి జిల్లావారీగా గుర్తించే వీలు లేదు. కనుక నంబరు పూర్తిగా చదవగలగడం మునుపటికన్నా ముఖ్యమయింది. చివరి నాలుగంకెలలో ఒక్కటి కనబడకపోతే పది వాహనాలు, రెండు కనబడకపోతే వంద వాహనాలు వెతకవలసి ఉంటుంది.

అక్షరాలు ఆంగ్ల లిపిలోను, అంకెలు 1, 2, 3 రూపంలోను ఉండాలని నియమం. తెలుగు అంకెలలో గాని, అలంకార లిపులలో గాని వ్రాయించుకోవడానికి వీలు లేదు. దేశంలో ఏ రాష్ట్రం వారైనా చదవగలగాలన్నదే దీని ఉద్దేశం.

ప్లేటు కొలతలు

హై సెక్యూరిటీ ప్లేటు 1 మి.మీ. మందం గల అల్యూమినియం రేకుతో ఒకే ముక్కగా తయారవుతుంది. ప్రధాన పరిమాణాలు ఇవి:

* ద్విచక్ర, త్రిచక్ర వాహనాలు: 200 × 100 మి.మీ.
* ద్విచక్ర వాహనాల ముందు భాగం: 285 × 45 మి.మీ.
* కార్లు, తేలికపాటి వాహనాలు: 500 × 120 మి.మీ. లేదా 340 × 200 మి.మీ.
* మధ్యతరహా, భారీ వాణిజ్య వాహనాలు: 340 × 200 మి.మీ.

ప్లేటు మూలలు సుమారు 10 మి.మీ. మేర గుండ్రంగా ఉండాలి. మనుషులకు గాయాలు కాకుండా ఉండడానికే ఈ ఏర్పాటు. చుట్టూ ఉబ్బెత్తు అంచు ఉండడం తప్పనిసరి. అనగా అంచు అనేది మిగులు రేకు కాదు, నియమం కోరిన భాగమే. దానిని కోసివేసినపుడు నంబరు చెక్కుచెదరకపోయినా ఆ ప్లేటు నియమానుసారమైనది కాకుండా పోతుంది. పైగా కోసిన అల్యూమినియం అంచు కత్తివలె పదునుగా ఉండి పాదచారులకు, వాహనం కడిగేవారికి ప్రమాదకరం.

మోటారు సైకిలు వెనుక ప్లేటుపై అక్షరాల ఎత్తు 35 మి.మీ., అంకెల ఎత్తు 40 మి.మీ. ఉండాలి. రెండు వరుసలు కలిపి 75 మి.మీ. అవుతుంది. ప్లేటు ఎత్తు 100 మి.మీ. కనుక మిగిలేది 25 మి.మీ. మాత్రమే. అందులోనే పై ఖాళీ, నడిమి ఖాళీ, క్రింది ఖాళీ, ఉబ్బెత్తు అంచు ఇమడాలి. కోయడానికి ఎక్కువ రేకు ఉన్నట్లు కంటికి కనిపించినా నిజానికి లేదు.

కారు ప్లేటులో అక్షరాల ఎత్తు 65 మి.మీ. కనుక ఖాళీ కొంత ఎక్కువ. అయితే ఎడమ వైపు ఖాళీలోనే భద్రతా చిహ్నాలు ఉంటాయి. పై భాగంలో 20 × 20 మి.మీ. గల అశోక చక్రపు హోలోగ్రాము, నీలి రంగులో దేశాన్ని సూచించే మూడక్షరాలు, క్రింది భాగంలో లేజరుతో చెక్కిన ప్లేటు గుర్తింపు సంఖ్య అక్కడివే. ఎడమ అంచు కోసినచో అసలు ప్లేటును నకిలీ ప్లేటు నుండి వేరు చేసే ఆనవాళ్ళే పోతాయి.

చట్టం

మోటారు వాహనాల చట్టం 39వ సెక్షను ప్రకారం బహిరంగ ప్రదేశంలో నడిపే వాహనానికి రిజిస్ట్రేషను ఉండడంతో సరిపోదు. ఆ నంబరు నిర్దేశించిన రీతిలో ప్రదర్శించబడి కూడా ఉండాలి. ఆ రీతి ఏమిటో చెప్పేవే 50, 51 నియమాలు. అందువలన ప్లేటు కత్తిరించడం, వంచడం, నంబరుకు ఏదైనా అడ్డు పెట్టడం ఈ సెక్షను పరిధిలోకి వస్తాయి. నడిపేవారితో పాటు, నడపడానికి అనుమతించిన యజమాని కూడా బాధ్యుడే.

39వ సెక్షను ఉల్లంఘనకు 192వ సెక్షను క్రింద మొదటిసారి 2,000 రూపాయలకు తగ్గకుండా 5,000 రూపాయల వరకు జరిమానా విధించవచ్చును. మళ్ళీ చేస్తే ఏడాది వరకు జైలు, లేదా 5,000 నుండి 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ ఉండవచ్చును. చిన్న ఉల్లంఘనగా పరిగణించినచో 177వ సెక్షను క్రింద మొదటిసారి 500, తరువాత 1,500 రూపాయల వరకు జరిమానా ఉంటుంది. అక్కడికక్కడే వసూలు చేసే రాజీ రుసుములను 200వ సెక్షను క్రింద రాష్ట్ర ప్రభుత్వాలు నిర్ణయిస్తాయి. కెమెరాను తప్పించుకోవడానికి గాని, వేరొకరి నంబరుగా చూపడానికి గాని అంకెను మార్చినచో అది రవాణా నిబంధనతో ఆగదు. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని మోసం, ఫోర్జరీ నేరాల క్రిందకు కూడా రావచ్చును.

ఫిషింగ్ హార్బరులో

విశాఖపట్నం పాత పట్టణానికి ఆనుకొని, కంటైనరు టెర్మినలు పక్కన ఫిషింగ్ హార్బరు ఉంది. తెల్లవారుజామున పడవలు ఒడ్డుకు చేరి వేలం మొదలయ్యే వేళకు మోటారు సైకిళ్ళు, ట్రాలీ ఆటోలు, ఐసు బండ్లు, శీతల లారీలు ఒకేచోట చేరతాయి. చీకటి పూర్తిగా విడదు, నేల తడిగా ఉంటుంది, వాహనాల మధ్యనే మనుషులు తట్టలతో నడుస్తుంటారు. చేపల ట్రేలు వెనుకకు వేలాడేటట్లు కట్టినపుడు ప్లేటు మరుగున పడుతుంది. ఉప్పుగాలికి పాత ఇనుప ప్లేటు తుప్పు పట్టినపుడు చెడిన అంచును కోసివేయడం సులభంగా తోస్తుంది. ఈ రెంటిలో ఏది చేసినా నంబరు చదవడం కష్టమవుతుంది.

ఇదే హార్బరులో మరొక రకం నంబరు కూడా కనిపిస్తుంది. మరపడవల పక్కలపై ఐఎన్‌డి, ఏపీ, వి5, ఎంఎం అనే సంకేతాలు, వాటి వెంట ఒక సంఖ్య పెద్ద అక్షరాలతో వ్రాసి ఉంటాయి. 2008 నవంబరులో ముంబయిపై దాడి చేసినవారు ఒక చేపల పడవను అపహరించి వచ్చిన తరువాత తీర రాష్ట్రాలలో పడవల నమోదుపై శ్రద్ధ పెరిగింది. నడిసముద్రంలో ఆపదలో ఉన్న పడవను దూరం నుండి గుర్తించడానికి ఆ నంబరే ఆధారం. దానిని చెరిపితే నష్టం తనకేనని పడవ యజమానికి తెలుసు. రోడ్డు మీద వాహనపు నంబరు విషయంలో మాత్రం నష్టపోయేది తరచుగా ఎదుటివాడు.

బాధితుని హక్కు

నంబరు ప్లేటు వాహన యజమాని చదువుకోవడానికి కాదు, ఇతరులు చదవడానికి. ఈ సంగతి ప్రమాదం జరిగినపుడు స్పష్టమవుతుంది.

ఢీకొట్టి వెళ్ళిపోయిన వాహనం ఏదో తెలియనపుడు 161వ సెక్షను క్రింద పరిహారం లభిస్తుంది. 2022 ఏప్రిల్ 1 నుండి ఇది మరణానికి 2,00,000 రూపాయలు, తీవ్ర గాయాలకు 50,000 రూపాయలు. అంతకు ముందు ఇవి వరుసగా 25,000, 12,500 రూపాయలు మాత్రమే.

వాహనం తెలిసినపుడు 166వ సెక్షను క్రింద ట్రిబ్యునలులో దావా వేయవచ్చును. ఉదాహరణకు నెలకు 15,000 రూపాయలు సంపాదించే 30 ఏళ్ళ కూలీ, భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి అతనిపై ఆధారపడి ఉండగా మరణించాడనుకుందాం. సరళా వర్మ (2009), ప్రణయ్ సేఠీ (2017) కేసులలో సుప్రీం కోర్టు చెప్పిన పద్ధతిలో లెక్క ఇలా ఉంటుంది:

* సంవత్సర ఆదాయం: 1,80,000
* భవిష్యత్తు పెరుగుదలకు 40 శాతం కలిపితే: 2,52,000
* స్వంత ఖర్చులకు నాలుగవ వంతు తీసివేస్తే: 1,89,000
* వయసును బట్టి 17తో గుణిస్తే: 32,13,000 రూపాయలు

అంత్యక్రియలు మొదలైన వాటికి ఇచ్చే మొత్తాలు దీనికి అదనం. మూడవ పక్షపు బీమా తప్పనిసరి కనుక బీమా ఉన్న వాహనమైతే ఈ సొమ్మును సాధారణంగా బీమా సంస్థే చెల్లిస్తుంది. అనగా నంబరు తెలిస్తే ఆ కుటుంబానికి రాదగినది ముప్పై రెండు లక్షల పైచిలుకు, తెలియకపోతే రెండు లక్షలు. కోసిన ప్లేటు, వంచిన ప్లేటు, ట్రే చాటున ఉన్న ప్లేటు ఈ తేడాకు కారణం కావచ్చు.

చట్టబద్ధమైన మార్గాలు

ప్లేటు అమర్చే చోటు చాలనపుడు కోయవలసిన అవసరం లేదు. కార్లకు రెండు పరిమాణాలు అనుమతించబడ్డాయి కనుక బండికి సరిపడే పరిమాణాన్ని ఆర్డరు చేసేటప్పుడే ఎంచుకోవచ్చును. మోటారు సైకిలు వెనుక భాగాన్ని అలంకారం కోసం మార్చినవారు పూర్తి ప్లేటు పట్టే బ్రాకెట్టును తిరిగి బిగించుకోవాలి. చెడిన ప్లేటును అప్పగించి డీలరు లేదా అధీకృత సరఫరాదారు ద్వారా క్రొత్తది పొందాలి. ప్లేటు పోయినచో ముందుగా పోలీసులకు ఫిర్యాదు చేయాలి. రవాణా వాహనాలకు ముందు, వెనుకలతో పాటు కుడి, ఎడమ పక్కలపై కూడా నంబరు ఉండాలి. వెనుక నంబరు రాత్రివేళ 15 మీటర్ల దూరం నుండి చదవగలిగేటట్లు తెల్లని దీపం వెలగాలి. సరుకు కట్టిన తరువాత వాహనం వెనుకకు వెళ్ళి నంబరు కనబడుతున్నదో లేదో చూసుకోవడానికి ఒక్క నిముషం చాలు.

ఇవి కూడా చూడండి

* మోటారు వాహనాల చట్టం, 1988
* వాహన బీమా
* విశాఖపట్నం ఓడరేవు
* రోడ్డు భద్రత