జంటలో ఒకటి రాకపోతే..!

2019 జులై 15, అర్ధరాత్రి దాటాక అప్పటి నెల్లూరు జిల్లా తీరంలోని శ్రీహరికోటలో చంద్రయాన్‌-2 కౌంట్‌డౌన్‌ ఆగిపోయింది. ప్రయోగానికి 56 నిమిషాల 24 సెకన్లే ఉంది. లోపం కనిపించింది కాబట్టే ఆపారు. సరిచేసి 22న పంపారు.

'సాఫ్ట్‌వేర్‌ రెయిడ్‌-1' పెట్టుకున్న కంప్యూటర్‌ మాత్రం అలా ఆగకపోవచ్చు! ఇందులో ఒకే సమాచారం రెండు డిస్కుల్లో ఉంటుంది. స్విచ్‌ వేయగానే లైనక్స్‌ వాటిలోని గుర్తింపు సంఖ్యలు చూసి, జంటను కలిపాకే ఫైళ్లు తెరుస్తుంది. ఒక డిస్కు రాకపోతే? కాసేపు ఎదురుచూసి, సాధారణంగా రెండోదానితోనే పని మొదలుపెడుతుంది. తెరమీద అంతా మామూలే. అదే ప్రమాదం! ఆ మిగిలిందీ పాడైతే పిల్లల ఫొటోలు, దుకాణం లెక్కలు అన్నీ పోయినట్టే. అందుకే రెండూ పనిచేస్తున్నాయో లేదో అప్పుడప్పుడూ చూసుకోవాలి. వేరేచోట మరో కాపీ దాచుకోవాలి.