పచ్చళ్లు సర్దారు సరే... బ్యాంకు ఖాతా సంగతేమిటి?

పెళ్లయి అమెరికా వెళ్తున్న అమ్మాయికి ఆవకాయ, కారప్పొడి, కుక్కరు అన్నీ గుర్తుపెట్టుకుని సర్దుతాం. నాలుగేళ్లు ఉద్యోగం చేసి ఆమె దాచుకున్న సొమ్ము మాటెత్తితే మాత్రం 'తర్వాత చూద్దాంలే' అంటాం. డిపెండెంట్ వీసా మీద వెళ్లిన భార్యల్లో చాలామంది అక్కడ వెంటనే ఉద్యోగం చేయలేరు. చేతిలో సొంత డబ్బుంటే ఎంత ధైర్యమో వేరే చెప్పాలా?

ముందుగా బ్యాంకుకు వెళ్లి విషయం చెప్పండి. విదేశంలో ఉండిపోవడానికి వెళ్లేవారు మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్.ఆర్.ఓ. ఖాతాగా మార్పించుకోవాలి. ఇక్కడి అద్దెలు, డిపాజిట్ల వడ్డీ అందులో పడతాయి. కావాలంటే అమ్మ పేరు కూడా జతచేయవచ్చు. ఓటీపీలు ఏ ఫోనుకు వస్తాయో అప్పుడే తేల్చుకోండి. ఇక్కడి నంబరు ఆగిపోతే తిప్పలు తప్పవు!

మరి డబ్బు అక్కడికి చేరేదెలా? మొదటి నెల ఖర్చులకు ఫారెక్స్ కార్డు తీసుకోండి. డాలర్ నోట్లయితే 3,000 వరకే ఇస్తారు. వెళ్లాక అమ్మాయి తన పేరుతో ఖాతా తెరిచి, ఎన్.ఆర్.ఓ. ఖాతా నుంచి తెప్పించుకోవచ్చు. ఆర్థిక సంవత్సరానికి 10 లక్షల డాలర్లు పరిమితి. పన్ను ఫారాలు, చార్టర్డ్ అకౌంటెంట్ సర్టిఫికెట్ అడుగుతారు కనుక ఆ కాగితాలు భద్రం.

అమ్మానాన్నలు పంపదలిస్తే ఒక్కొక్కరూ ఏడాదికి 2,50,000 డాలర్ల వరకు పంపవచ్చు. ఏడాదిలో పంపింది 10 లక్షల రూపాయలు దాటితే, ఆ పై మొత్తం మీద బ్యాంకు టీసీఎస్ వసూలు చేస్తుంది. రిటర్ను వేసేటప్పుడు దాన్ని పన్నులో సర్దుకోవచ్చు.

ఫారం నింపేటప్పుడు ఖాతా నంబరుతో పాటు ఆ బ్యాంకు స్విఫ్ట్ కోడ్ కూడా సరిచూసుకోండి. అందులో 8 లేక 11 అక్షరాలుంటాయి. పేరు అక్కడి ఖాతాలో ఉన్నట్టే రాయాలి. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్నవాళ్లు ఇక్కడే తికమకపడతారు.

సర్వీసు ఛార్జీ తక్కువని మురిసిపోకండి, డాలరుకు ఎంత రేటు వేస్తున్నారో అడగండి. రూపాయి తేడా ఉన్నా 5,000 డాలర్లకు 5,000 రూపాయలు పోయినట్టే. మధ్యలోని బ్యాంకులు కోసుకునే ఛార్జీ ఎవరు భరించాలో కూడా ముందే తేల్చుకోండి.

అల్లుడు ఎంత మంచివాడైనా సరే, అమ్మాయికంటూ ఒక ఖాతా, అందులో నాలుగు డబ్బులు ఉండనివ్వండి. పెట్టె బరువు పెంచని సారె అదే!