సంవాద సంస్కారం

పదిమంది కూడినచోట పది అభిప్రాయాలుండటం సహజం. ఆ భేదాలను రూపుమాపటం ప్రజాస్వామ్య లక్ష్యం కాదు. కలహానికి తావీయక, వాటిని మాటలతో పరిష్కరించుకోవటమే దాని మార్గం. కనుక సభాముఖంగా సహేతుకంగా చర్చించే నేర్పు ప్రతి పౌరునికీ అవసరం.

ప్రాచీన న్యాయశాస్త్రం చర్చను మూడు విధాలుగా విభజించింది. సత్యాన్ని తెలుసుకోగోరి చేసేది వాదం. గెలుపే ధ్యేయంగా చేసేది జల్పం. తనకంటూ ఒక పక్షాన్ని నిలుపక, ఎదుటివారి మాటను ఖండించటంతోనే తృప్తి చెందేది వితండ. ఈ మూడింటిలో ప్రజాస్వామ్యానికి బలాన్నిచ్చేది వాదమే.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాలకు పండిత చర్చలు కొత్తవి కావు. గద్వాల, వనపర్తి సంస్థానాలు, కొల్లాపురం కేంద్రంగా వెలసిన జటప్రోలు సంస్థానం కవిపండితులను ఆదరించాయి. గద్వాలకు ‘విద్వద్గద్వాల’ అనే ప్రశస్తి కలిగింది. అయితే ఆ సభలలో తీర్పరి ప్రభువే. సామాన్యుని మాటకు అక్కడ చోటు లేదు.

సామాన్యుని భాషకు సభలో గౌరవం లభించటం కూడా సులభంగా జరుగలేదు. 1921 నవంబరులో హైదరాబాదులో మహర్షి కార్వే అధ్యక్షతన సంఘసంస్కార సభ జరిగింది. అందులో అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో ప్రసంగించబోగా కొందరు సభికులు గేలి చేశారు. ఆ అవమానానికి తెలుగువారు నిర్మాణాత్మకంగా సమాధానమిచ్చారు. ఆంధ్ర జనసంఘాన్ని స్థాపించుకొన్నారు. ఆ ఉద్యమం క్రమంగా విస్తరించింది. 1930లో జోగిపేటలో తొలి ఆంధ్రమహాసభ జరిగింది. ముందుగా అనుమతి పొందనిదే సభ జరుపరాదని నిజాం ప్రభుత్వం ఆంక్ష విధించిన కాలమది.

ఆ తొలి మహాసభకు అధ్యక్షత వహించినవారు సురవరం ప్రతాపరెడ్డి. వారి స్వగ్రామమైన ఇటిక్యాలపాడు నేటి జోగులాంబ గద్వాల జిల్లాలో ఉన్నది. 1926లో వారు ‘గోలకొండ పత్రిక’ను స్థాపించి, ప్రజల సమస్యలను చర్చకు తెచ్చారు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరని ఒక పండితుడు ఆక్షేపించినప్పుడు ప్రతాపరెడ్డి నిందకు ప్రతినింద చేయలేదు. ఊరూరా గల కవుల రచనలను సేకరించి, 354 మంది కవులతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను ప్రకటించారు. ఆధారమే ఆక్షేపణకు సమాధానమైంది. 1952 ఎన్నికలలో వారు వనపర్తి నుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికయ్యారు. పూర్వం ప్రభువు తీర్పు చెప్పిన గడ్డపై ఇప్పుడు ప్రజలు తీర్పు చెప్పారు.

భారత రాజ్యాంగంలోని 19వ అధికరణం పౌరులకు భావప్రకటన స్వేచ్ఛను ప్రసాదించింది. దానికి సహేతుకమైన పరిమితులను కూడా నిర్దేశించింది. చట్టం మాట్లాడే హక్కును ఈయగలదు గాని, వినే ఓర్పును ఈయజాలదు. ఆ ఓర్పును అలవరచవలసినవి విద్యాలయాలు. విశ్వవిద్యాలయ వేదికపై భిన్నాభిప్రాయాలు గలవారు ఎదురెదురుగా కూర్చుండి మాట్లాడినప్పుడు, విద్యార్థులు వ్యక్తిని గాక విషయాన్ని విమర్శించటం నేర్చుకొంటారు.

హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయానికి సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టాలని 2024లో తెలంగాణ మంత్రివర్గం నిర్ణయించింది. ఎదుటివారి మాటను పూర్తిగా ఆలకించి, ఆధారంతో బదులు చెప్పి, తన పొరపాటు తేలినప్పుడు సవినయంగా అంగీకరించటమే ఆ పేరుకు తగిన గౌరవం.