చివరి పంక్తి

విందునాడు చివరి పంక్తిని కూర్చుండుట యెట్టిదో మన స్త్రీలకు వేరుగ చెప్పనక్కరలేదు. విస్తరి యుండును, వంటకములు మాత్ర మడుగంటి యుండును. కళాశాలలలో కొన్ని వర్గములకు స్థానములు ప్రత్యేకించుట న్యాయమా యని మా పుల్లలచెరువు అమ్మలక్కలు వాదులాడినప్పుడెల్ల మాకా పంక్తియే తలపునకు వచ్చును.

ఈ వివాదమున ప్రసిద్ధి కెక్కినది యొక స్త్రీ వ్యాజ్యము. మన ప్రాంతము మదరాసు రాజ్యములో నున్న కాలమున, ప్రభుత్వ కళాశాలలలో ప్రతి 14 స్థానములకు బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, క్రైస్తవ, ఆంగ్లో ఇండియనులకు 1, ముస్లిములకు 1 చొప్పున పంచెడివారు. వైద్యవిద్య గోరిన చంపకం దొరైరాజన్ అను నామె 1950లో హైకోర్టున దీని నెదిర్చి గెలిచెను. 1951 ఏప్రిలు 9న సుప్రీంకోర్టును అట్లే తీర్పు చెప్పెను. ఆ జూనులోనే రాజ్యాంగమును తొలిసారి సవరించి, వెనుకబడినవారికి ప్రత్యేకావకాశములు కల్పించు నధికారమును ప్రభుత్వముల కొసగిరి. అమెరికాలో జాతినిబట్టి విశ్వవిద్యాలయ ప్రవేశమున మొగ్గు చూపుటను అచ్చటి సుప్రీంకోర్టు 2023 జూనులో కాదనెను. మన దేశము వేరు త్రోవను బట్టినది.

మంచి మార్కులు వచ్చియు తన బిడ్డకు స్థానము దొరకలేదని కన్నీరు పెట్టుకొన్న తల్లిని మేమెరుగుదుము. ఆ దుఃఖము బొంకు గాదు. కాని మామాట చెప్పుకొందుము. మేము బడిగడప తొక్కక యింటనే భారత భాగవతములు చదివితిమి. అది మా బుద్ధిబలమేయని చిరకాలము గర్వించితిమి. పుస్తకముల పెట్టె మేము పుట్టకమున్నే మా యింట నుండెను; కూర్చుండబెట్టి చెప్పువా రుండిరి. నల్లమల యంచున చెంచుగూడెమున పుట్టిన పిల్లకు ఆ పెట్టె యేది? ఇరువురి మార్కులను తూచునపుడు దాని బరువును గూడ తక్కెడలో వేయవలదా?

ప్రత్యేకింపబడిన వర్గములలోను ముందున్నవారే వడ్డన నందుకొందురను మాట నిజమే. షెడ్యూల్డు కులముల వర్గీకరణమునకై మన రాష్ట్రము చేసిన చట్టమును 2004లో కొట్టివేసిన సుప్రీంకోర్టే, 2024 ఆగస్టులో అట్టి వర్గీకరణమున కంగీకరించెను.

మన రాష్ట్రపు ఇంజనీరింగు కళాశాలలలో స్త్రీలకును మూడవవంతు స్థానములు కలవు. ఆ వంతున చేరిన మన బిడ్డను అనర్హురాలన్న సహింతుమా? అట్లయిన నిరుగుపొరుగు బిడ్డ నామాట యనకుందము. మన యింటి వాకిట నిలిచి యే పిల్ల పుస్తక మడిగినను, కులమడుగక పెట్టె తెరతము.