గృహమే ప్రార్థనాలయమైన దినములు

2020వ సంవత్సరము మార్చి 22వ తేదీ ఆదివారము. కరోనా మహమ్మారి భయముచే ఆనాడు దేశమంతట జనతా కర్ఫ్యూ జరిగెను. 25వ తేదీ మొదలు లాక్‌డౌను విధింపబడెను. జూను 8వ తేదీవరకు గుడి, మసీదు, చర్చి యను భేదము లేక ప్రార్థనాస్థలములన్నియు జనులకు మూతబడియే యుండెను. ఏప్రిలు 2వ తేదీని భద్రాచలమున సీతారాముల కల్యాణము భక్తులు లేకయే ఆలయములోపల జరిగెను. పది దినములకు వచ్చిన ఈస్టరు పండుగను క్రైస్తవులు తమతమ యిండ్లలోనే చేసికొనిరి. ఆ యేడు ఇరుగుపొరుగు స్త్రీలకు ఒకరి మనసులోని వెలితి మరియొకరికి చెప్పకయే తెలిసినది.

భద్రాచలమునుండి గోదావరి వెంబడి ఎగువకు పోయిన దుమ్ముగూడెము వచ్చును. నదిని పడవల రాకపోకలకు అనువుపరచుటకై అచ్చట పనిచేసిన హేగ్ అను ఇంజనీరు పూనికచే, 1860 ప్రాంతమున చర్చి మిషనరీ సొసైటీవారు కోయల నడుమ సేవ ఆరంభించిరి. పడవల పని 1871లో మానివేయబడెను, సంఘము నిలిచెను. 1912 డిసెంబరు 29వ తేదీని కలకత్తాలో అభిషేకము పొంది, దోర్నకలు బిషప్పైన అజరయ్యగారి కాలమునను పల్లెలు పెక్కు, గురువులు కొలది. అయ్యగారు వచ్చువరకు ప్రార్థన ఆగునా? దీపము పెట్టువేళ ఇంటి తల్లియే బిడ్డలను కూర్చుండబెట్టుకొనవలెను గదా! ఆ బిషప్పుగారి భార్య అంబు మరియమ్మాళ్ గారును గ్రామ స్త్రీల నడుమ పనిచేసినవారే.

కావున 2020లో మనకు సంభవించినది కొత్త సంగతి కాదు, మరచిన సంగతి. పట్టణములవారు సెల్‌ఫోనులో ఆరాధన చూచిరి. అడవియంచు పల్లెలలో సిగ్నలు దొరకుటయే ఒక యద్భుతము! అట్టి యింట అవ్వయే సంఘము, అవ్వయే కీర్తనల పుస్తకము. అక్షరము రాని యామెకు ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు నోటికి వచ్చును. చదువుకొన్న మనుమరాలికి పుస్తకము కావలెను. ఒకతె పాడగా ఒకతె బైబిలు చదువుట కంటె మంచి ఆరాధన యేది?

ఇక సంతృప్తి మాట. పౌలు దానినిగూర్చి ఫిలిప్పీయులకు వ్రాసినది చెరలోనుండి. అది తనకు పుట్టుకతో వచ్చినదని ఆయన చెప్పలేదు, నేర్చుకొంటిననెను. అయినను ఇంటిలో నుండుట మనకు కొత్తయా, సోదరీమణులారా? ఆ దినములలో కొత్తగా ఇంటనున్నవారు మగవారు. దినమునకు రెండుసార్లు పెట్టు టీ నీళ్ళు ఐదుసార్లయ్యెను, అంట్లు కొండయయ్యెను. పని పంచుకొనని యింట స్త్రీకి మాత్రమే సంతృప్తిని బోధించుట న్యాయము కాదని నా యభిప్రాయము. భర్త బిందె యెత్తి నీళ్ళు తెచ్చిన దినమున ఆ యింటి ప్రార్థనకు మరింత రుచి యుండును.

ఇంట నుండుట విశ్వాసలోపమని తలచినవారును కొందరుండిరి. 1527లో విట్టెన్‌బర్గు పట్టణమున ప్లేగు ప్రబలినప్పుడు మార్టిన్ లూథరు పారిపోక అచ్చటనే యుండి రోగులను చూచెను. కాని ఆయనయే ఔషధము సేవింపవలెననియు, అవసరము లేని చోటికి పోయి ఇతరులకు తెగులు అంటింపరాదనియు, పొరుగువానికి తన యవసరమున్నచో వెనుదీయరాదనియు వ్రాసెను. తలుపు మూయుటయు ప్రేమయే, తెరచుటయు ప్రేమయే. ఎప్పుడేది చేయవలెనో తెలిసికొనుటయే కష్టము.

ఇల్లు దాటి చూచితిమా, సంతృప్తి యను మాట పలుకుటకే నోరు రాదు. ఏటేట మిరపకాయలు కోయుటకై ఛత్తీస్‌గఢ్ నుండి గిరిజన కూలీలు మన ప్రాంతమునకు వత్తురు. ఆ వసంతమున బండ్లు లేక, పని లేక, వారిలో పెక్కుమంది అడవిదారులబట్టి నడచిపోయిరి. ములుగు జిల్లా మిరపతోటలనుండి బీజాపూరు వైపు మూడు దినములు నడచిన పండ్రెండేండ్ల బాలిక ఏప్రిలు నెలలో తన యూరు చేరకుండగనే, కొలది మైళ్ళ దూరమున మరణించెను. ఆమెకు ఇంటిలో నుండు భాగ్యమే లేకపోయెను.

మన క్రైస్తవ గృహములలో పిడికెడు బియ్యము తీసిపెట్టు ఆచారము మీరెరిగినదే. ఎసరు పెట్టునపుడు తల్లి ఒక పిడికెడు ముంతలో వేయును. ఆదివారము దానిని గుడికి కొనిపోవును. గుడులు మూసిన కాలమున పండ్రెండు ఆదివారములు గడచెను. గుడి మూసినంత మాత్రమున ముంత మూయవలసిన పనిలేదు. ఆకలిగొన్న బాటసారులు వాకిట నిలిచినపుడు, వారి కులమేమి, మతమేమి, ఏ రాష్ట్రమని అడుగక ఆ బియ్యము వారి కొంగున పోయవచ్చును. గుడి తెరచిన పిదప ఖాళీ ముంతను అయ్యగారికి చూపినను తప్పులేదు.